నాన్న పేరున స్థలం, నా పేరున లోన్: ఇల్లు మొదలుపెట్టొచ్చా?

ఈ వారం తీసుకున్న ఉత్తరం నాలుగు పేజీలుంది. కుదించి చెబుతాను.

రాసినాయనకి 36 ఏళ్లు. ప్రైవేటు కంపెనీలో ఉద్యోగం, కోతలు పోగా చేతికి 74,000 వస్తుంది. భార్య ఒక ప్రైవేటు స్కూల్లో టీచరు, ఆమె జీతం 22,000. పాప మూడో తరగతి. ఉంటున్న ఇంటికి అద్దె 14,000. బండి లోన్ నెలకి 4,500 చొప్పున ఇంకో ఎనిమిది నెలలుంది. తండ్రి రిటైరైన గుమాస్తా. ఆయన 2003లో తన సంపాదనతో 200 గజాల స్థలం కొన్నారు. అప్పట్లో ఊరి బయట ఉన్న ఆ స్థలం చుట్టూ ఇప్పుడు ఇళ్లొచ్చేశాయి. అక్కడ కింద ఒక పోర్షన్, పైన ఒక పోర్షన్ వేసి, కింద తాము ఉండి పైది అద్దెకివ్వాలని ఈయన ఆలోచన. తెలిసిన కాంట్రాక్టర్ మెటీరియల్‌తో కలిపి చదరపు అడుగుకి 2,100 చెప్పాడు. 2,400 అడుగులకి 50 లక్షల పైచిలుకు. బ్యాంకులో అడిగితే 40 లక్షల దాకా లోన్ వస్తుందన్నారట. చేతిలో ఫిక్స్‌డ్ డిపాజిట్ ఏడున్నర లక్షలు, జనవరిలో చేతికొచ్చే చిట్టీ 3 లక్షలు. లెక్క సరిపోయిందనుకుని కాంట్రాక్టర్‌కి మాట ఇచ్చేశారు.

చిక్కులు ఆ తర్వాత మొదలయ్యాయి. స్థలం మీ పేరున ఉండాలని బ్యాంకువాళ్లంటే, "నా తర్వాత ఎలాగూ నీదేగా, ఇప్పుడు కాగితాలెందుకు?" అని తండ్రి మాట దాటేస్తున్నారు. పెళ్లై వేరే ఊళ్లో ఉన్న చెల్లెలితో ఈ సంగతి ఎవరూ ఎత్తలేదు. భార్య "ఈ తలనొప్పి మనకొద్దు, 60 లక్షల్లో రెడీగా ఉన్న ఫ్లాట్ చూద్దాం" అంటున్నారు. స్నేహితుడు "తక్కువ పడితే పర్సనల్ లోన్ తీసుకో, అందరూ అదే చేస్తారు" అంటున్నాడు. ఇంకెవరో కేంద్రం సబ్సిడీ ఇస్తుందన్నారు. కాంట్రాక్టర్ వచ్చే నెల ముహూర్తానికి 2 లక్షల అడ్వాన్స్ అడుగుతున్నాడు. "రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు, ఏం చేయమంటారు?" అని ముగించారు.

ఇల్లు కట్టడం గురించిన ఆ సామెత నేను చెప్పను. మీ బంధువులు ఈపాటికి వందసార్లు చెప్పి ఉంటారు.

మీరు నన్నడిగింది ఒక్క ప్రశ్నే అయినా అందులో నాలుగు చిక్కుపడి ఉన్నాయి: స్థలం ఎవరిది, డబ్బు ఎంత కావాలి, ఆ డబ్బు ఎప్పుడు కావాలి, మీ ఆవిడ ఎందుకు వద్దంటున్నారు. మీ టెన్షన్ అంతా రెండోదాని మీద ఉంది. నాకైతే మూడోది ఎక్కువ భయంగా కనిపిస్తోంది, అందుకే అక్కడి నుంచి మొదలుపెడతాను.

రెడీగా ఉన్న ఫ్లాట్ కొనేవాళ్లకి లోన్ డబ్బు ఒక్కసారి వచ్చి అమ్మినవాడి ఖాతాలో పడుతుంది. ఇల్లు కట్టుకునేవాళ్లకి అలా రాదు. పునాది అయ్యాక కొంత, స్లాబ్ అయ్యాక కొంత, గోడలు, ప్లాస్టరింగ్ అయ్యాక ఇంకొంత, ఇలా విడతలవారీగా వస్తుంది. అదైనా ముందు మీ వాటా డబ్బు పెట్టి, పని జరిగిందని బ్యాంకు పంపిన ఇంజనీరు చూసి, ఫొటోలు తీసుకుని రిపోర్టు ఇచ్చాకే. అంటే బ్యాంకు డబ్బు ఎప్పుడూ పని వెనకాలే వస్తుంది. కాంట్రాక్టర్ డబ్బు అడిగేది మాత్రం పనికి ముందు.

మీరు పిన్ను కొట్టి పంపిన ఎస్టిమేట్ కాగితం చూశాను. అగ్రిమెంటప్పుడు 10 శాతం, పునాది తీసే ముందు 15 శాతం, మొదటి స్లాబ్‌కి ముందు 20 శాతం అని రాశాడు. 50 లక్షల మీద లెక్క కట్టండి. అగ్రిమెంటుకి 5 లక్షలు, పునాదికి ఏడున్నర. ఈలోపు ప్లాన్ అప్రూవల్ ఫీజులు, బోరు, టెంపరరీ కరెంటు మీటరు, స్థలం చదును, వీటికి రెండున్నర లక్షలు వేసుకుందాం. బ్యాంకు నుంచి మొదటి రూపాయి రాకముందే 15 లక్షలు మీ జేబులోంచి పోవాలి. మీ దగ్గర ఇవాళ ఉన్నది ఏడున్నర. చిట్టీ వచ్చినా పదిన్నర. చిట్టీ తొందరగా పాడుకుంటే 3 లక్షలు పూర్తిగా రావు, తగ్గించి పాడాలి కదా. అంటే 40 లక్షల లోన్ ఉన్న మనిషి, ఒక్క గోడైనా లేవకముందే నాలుగైదు లక్షల కోసం ఊళ్లో చేతులు చాచాలి. స్నేహితుడు చెప్పిన పర్సనల్ లోన్ అవసరం మీకు చివర్లో కాదు, మొదట్లోనే వచ్చి పడుతుంది.

ఇది ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. మా ఇల్లు కట్టినప్పుడు స్లాబ్ దగ్గర ఇరుక్కున్నాను. సెంట్రింగ్ బిగించారు, రాడ్ బెండింగ్ అయిపోయింది, కరెంటు పైపులు కూడా పరిచారు. తెల్లారి ఆరింటికి కాంక్రీటు పోయాలి. ముందు రోజు సాయంత్రం సిమెంటు షాపాయన ఫోన్ చేసి, పాత బాకీ కట్టకపోతే లోడు పంపనన్నాడు. స్లాబ్ అయితే గానీ బ్యాంకు విడత రాదు, సిమెంటు వస్తే గానీ స్లాబ్ అవదు. సెంట్రింగ్ సామాను అద్దె రోజుకింత అని నడుస్తూనే ఉంది. పదకొండు రోజులు ఆ ఇనుప చువ్వలు ఎండలో అలాగే ఉన్నాయి, మధ్యలో ఒక వాన కూడా పడింది. చివరికి మా బావమరిది ఆదుకున్నాడు. ఆ పదకొండు రోజులూ నా లోన్ ఖాతాలో నేను వాడుకోని డబ్బు లక్షల్లో ఉంది!

అందుకని కాంట్రాక్టర్‌తో ముందు మాట్లాడాల్సింది రేటు గురించి కాదు, వాయిదాల గురించి. బ్యాంకు ఏ దశలో ఎంత విడుదల చేస్తుందో రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. ఒక్కో బ్యాంకు పద్ధతి ఒక్కో రకంగా ఉంటుంది. ఆ కాగితం ముందు పెట్టి, "నా వాయిదాలు ఇలా ఉంటాయి, అడ్వాన్స్ తక్కువ, పని అయిన వారంలో డబ్బు" అని తేల్చుకోండి. నాలుగు పెద్ద వాయిదాల కంటే పది చిన్న వాయిదాలు మీకు మేలు. ఇద్దరిలో ఎవరు మాట తప్పినా దెబ్బ చిన్నగా తగులుతుంది. చివరి 5 శాతం ఇల్లు అప్పజెప్పిన ఆరు నెలల తర్వాత, ఒక వర్షాకాలం చూశాక ఇచ్చేలా రాసుకోండి. ఒప్పుకోకపోవచ్చు. ఒప్పుకోని కాంట్రాక్టర్‌లందరూ మోసగాళ్లని నేననను, వాళ్లకీ చేతిలో డబ్బు ఆడాలి. కానీ ఒప్పుకోడంటే, మీ ఇంటికి పెట్టుబడి అతని దగ్గర లేదనీ, మీ అడ్వాన్స్ ఇంకొకరి స్లాబ్‌కి పోయే అవకాశం ఉందనీ తెలుసుకున్నట్టే.

ఇక ఎంత కావాలన్న లెక్క. ఆ ఎస్టిమేట్ అడుగున పెన్సిల్‌తో ఒక లైను ఉంది, మీరు గమనించారో లేదో: "బోరు, సంపు, కాంపౌండ్, గేటు, కప్‌బోర్డులు, ఎలివేషన్ ఓనరు చూసుకోవాలి." సెప్టిక్ ట్యాంకు పేరు ఎక్కడా లేదు. మెట్ల మీది హెడ్‌రూమ్, బాల్కనీ, పోర్టికో ఆ 2,400 అడుగుల్లో ఉన్నాయో లేదో కూడా లేదు. చదరపు అడుగు రేటులో ఉన్న మాయంతా ఇదే. రేటు అబద్ధం కాదు, అడుగులూ అబద్ధం కాదు, ఇల్లు మాత్రం ఆ రెండింటి గుణకారానికి రాదు. నా అంచనాలో వీటికే మీకు ఇంకో 6 లక్షలవుతుంది. అంటే 56. దీని మీద కనీసం పదో వంతు చేతిలో ఉంచుకోకుండా ఎవరినీ పునాది తీయమని నేను చెప్పను. మీ దగ్గర లోను, పొదుపు కలిపినా యాభైన్నర.

లోన్ పెంచమని అడిగితే? అక్కడ రిజర్వ్ బ్యాంకు పెట్టిన హద్దులున్నాయి. 30 లక్షల లోపు గృహ రుణమైతే విలువలో 90 శాతం దాకా, 30 దాటి 75 లక్షల వరకైతే 80 శాతం, ఆపైన 75 శాతమే ఇవ్వాలి. 50 లక్షల ఎస్టిమేట్‌కి మీకు 40 అన్నది అందుకే. ఎస్టిమేట్ కాస్త పెంచి రాయిస్తే లోన్ పెరుగుతుందని ఎవరైనా సలహా ఇస్తే చెవిన పెట్టకండి. ఆ ఎస్టిమేట్ ప్రకారమే ప్రతి విడతకీ పని చూపించాలి, తర్వాత ఇబ్బంది మీకే.

పైన అద్దెకిస్తే లోన్ అదే తీరిపోతుందని కాంట్రాక్టర్ అన్నాడని రాశారు. 12,000 అద్దె వస్తుందట. చూద్దాం. కింద ఒక్క ఫ్లోరే కడితే 1,200 అడుగులకి పాతిక లక్షలు, రేపు పైన వేసుకునేలా పునాదులు, పిల్లర్లు గట్టిగా వేస్తే ఇంకో రెండు. అంటే పై ఫ్లోరుకి పడుతున్నది దాదాపు 23 లక్షలు. ఎనిమిదిన్నర శాతం వడ్డీతో 20 ఏళ్లకి లక్షకి నెలకి 868 రూపాయలు పడుతుంది. 23 లక్షలకి దాదాపు 20,000. వచ్చే అద్దె 12,000, అదీ ఇల్లు ఖాళీగా లేని నెలల్లో. మిగతా 8,000 మీ జీతంలోంచే. తప్పని కాదు, ఆ పై ఫ్లోరు మీ ఆస్తే. కానీ అద్దెతో లోన్ తీరిపోతుందన్న మాట మాత్రం నిజం కాదు.

కాబట్టి మొదటి దారి ఇది. ప్లాన్ రెండు ఫ్లోర్లకీ అప్రూవల్ తీసుకోండి, పునాది రెండింటికీ వేయండి, కట్టడం కింద మాత్రమే. నిర్మాణం 27 లక్షలు, కాంట్రాక్టర్ వదిలేసిన పద్దులు 6, మొత్తం 33. లోన్ 30 లక్షల లోపే కాబట్టి నిర్మాణం 27 మీద 90 శాతం లెక్కన 24 లక్షల దాకా అడగొచ్చు. మీ పదిన్నర కలిపితే 34న్నర. నేనన్న పదో వంతు పూర్తిగా మిగలదు. ఊపిరి కొంచెమే ఆడుతుంది, అయినా ఆడుతుంది. ఈఎంఐ 20,800 దగ్గర ఉంటుంది, అద్దె 14,000 మిగులుతుంది. నాలుగైదేళ్ల తర్వాత పైన వేసుకోవడానికి బ్యాంకులు విడిగా లోన్ ఇస్తాయి. నష్టాలూ చెబుతాను. పైన కట్టేటప్పుడు కింద మీరు దుమ్ములో ఉండాలి. అప్పటికి రేట్లు పెరుగుతాయి. ప్లాన్ అనుమతికి గడువుంటుంది, అది దాటితే మళ్లీ తీసుకోవాలి. ఎదురింటాయన మీకంటే ఒక ఫ్లోరు ఎక్కువ వేశాడన్న బాధ కూడా ఉంటుందనుకోండి, దానికి నా దగ్గర మందు లేదు.

రెండో దారి, మీరనుకున్నట్టే రెండు ఫ్లోర్లూ ఒకేసారి. 40 లక్షలకి ఈఎంఐ 34,700. ఇద్దరి జీతాలు 96,000 మీద అది కట్టగలరు. కష్టమల్లా కట్టుబడి నడిచే ఏడాదిలో ఉంది. అప్పుడు తీసుకున్న మేరకే వడ్డీ కడతారు, కానీ అద్దె కూడా కడతారు. 40 లక్షలూ విడుదలయ్యేసరికి వడ్డీయే నెలకి 28,000 దాటుతుంది. అద్దెతో కలిపి 42,000. పని ఆరు నెలలు లేటయితే (అవుతుంది, లేటవని ఇల్లు నేను చూడలేదు) అద్దె 84,000, వడ్డీ లక్షా 70 వేలు, మొత్తం రెండున్నర లక్షలు ఉత్తి ఆలస్యానికి పోతాయి. తక్కువ పడే డబ్బు ఎక్కడి నుంచి? పర్సనల్ లోన్ వద్దంటాను. వడ్డీ ఎక్కువన్నది ఒక్కటే కారణం కాదు. హోమ్ లోన్ పూర్తిగా విడుదల కాకముందే ఇంకో ఈఎంఐ మీ పేరున కనిపిస్తే బ్యాంకు మీ లెక్క మళ్లీ తిరగేయొచ్చు. పీఎఫ్‌లోంచి ఇంటి కోసం తీసుకోవచ్చు, మీ ఉత్తరంలో దాని ఊసే లేదు. తిరిగి కట్టక్కర్లేదు, కానీ అది మీ అరవయ్యో ఏటి డబ్బు. ఇక బంగారం. విడత రావడానికి, కాంట్రాక్టర్‌కి ఇవ్వడానికి మధ్య నెలా రెండు నెలల సందుంటే దానికి గోల్డ్ లోన్ పనికొస్తుంది. విడత రాగానే విడిపించుకోవచ్చు. చివరికి మిగిలే లోటు పూడ్చడానికి తాకట్టు పెడితే మాత్రం ఆ నగలు ఇంటికి తిరిగి రావడం కష్టం. ఏదైనా అవి మీ ఆవిడవి. ఆమె నోటి నుంచి రావాల్సిన మాట అది.

వడ్డీ రేటు గురించి కూడా ఒక మాట. బ్యాంకు ఇచ్చే ఫ్లోటింగ్ లోన్, అంటే వడ్డీ మారుతూ ఉండే లోన్, రెపో (రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకి అప్పిచ్చే రేటు) లాంటి బయటి రేటుతో ముడిపడి ఉంటుంది. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రిజర్వ్ బ్యాంకు రెపోని 4 నుంచి ఆరున్నర శాతానికి తీసుకెళ్లింది. ఏడాది తిరక్కుండానే రెండున్నర శాతం! మీ ఎనిమిదిన్నర పదిన్నర అయితే 40 లక్షల మీద నెలకి 5,000 పైన పెరుగుతుంది, లేదా కట్టే ఏళ్లు పెరుగుతాయి. రెండో దారిలో వెళ్తే ఆ 5,000 ఇప్పుడే ఖర్చయిపోయిందనుకుని ఇల్లు నడిపి చూడండి, ఓ మూడు నెలలు. ఒక మంచి సంగతి, ఫ్లోటింగ్ రేటు మీద వ్యక్తులు తీసుకున్న గృహ రుణాన్ని ముందే తీర్చేస్తే జరిమానా ఉండదు. బోనస్ వచ్చినప్పుడల్లా కొంత అసలులో కట్టొచ్చు.

సబ్సిడీ మీకు రాదు. 2024 సెప్టెంబరులో మొదలైన పీఎం ఆవాస్ యోజన పట్టణ రెండో విడతలో వడ్డీ రాయితీకి కుటుంబ వార్షికాదాయం 9 లక్షలు మించకూడదు. మీ ఇద్దరిదీ కలిపి పదకొండున్నర లక్షలు. ఆదాయం తక్కువ చూపిద్దామనే ఏజెంటు దొరికితే అటు వెళ్లకండి. పన్ను మినహాయింపు మీదా పెద్ద ఆశలు పెట్టుకోవద్దు. సొంతానికి ఉండే ఇంటి వడ్డీ మీద ఏడాదికి 2 లక్షల వరకు మినహాయింపు పాత పన్ను విధానంలోనే ఉంది, కొత్తదానిలో లేదు. పాతదానిలోనైనా ఇల్లు పూర్తయ్యాకే మొదలవుతుంది. కట్టేటప్పటి వడ్డీని ఐదు వాయిదాల్లో, ఆ 2 లక్షల లోపలే చూపించుకోవాలి.

ఇప్పుడు మీ నాన్నగారి దగ్గరికి వద్దాం.

మీ ఉత్తరం రెండో పేజీలో, లెక్కల మధ్యన, ఒక వాక్యం ఉంది: "ఆయన ఇప్పటికీ ప్రతి ఆదివారం స్థలం దగ్గరికెళ్లి కలుపు పీకి, హద్దురాళ్లు చూసి వస్తారు." ఇరవై ఏళ్లుగా ఆ పని చేస్తున్న మనిషి మీకు స్థలం ఇవ్వననడం లేదు. మీరు ఇల్లు కట్టుకుంటే వద్దననూ లేదు. ఆయన జీవితంలో సొంతంగా కొన్న ఒకే ఒక్క ఆస్తి అది, దాని కాగితాలు ఇంట్లో బీరువాలోంచి బ్యాంకు బీరువాలోకి 20 ఏళ్లు పోతాయంటున్నారు. పైగా దాని మీద తన పేరు ఉండదంటున్నారు. భయపడరా?

ఆ భయానికి చట్టంలో కొంత జవాబుంది. ఆయన మీకు గిఫ్ట్ సెటిల్‌మెంట్ రిజిస్టర్ చేస్తే స్థలం వెంటనే మీదవుతుంది, కుటుంబ సభ్యుల మధ్య కాబట్టి స్టాంపు డ్యూటీ అమ్మకం కంటే తక్కువ, తండ్రి ఇచ్చిన బహుమతి మీద మీకు ఆదాయపు పన్ను లేదు. మామూలుగా గిఫ్ట్ వెనక్కి తీసుకోలేరు. అయితే తల్లిదండ్రులను చూసుకోవాలన్న షరతు దస్తావేజులోనే రాస్తే, ఆ షరతు తప్పినప్పుడు 2007 నాటి వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం కింద ట్రిబ్యునల్‌కి వెళ్లి దాన్ని రద్దు చేయించుకునే హక్కు ఆయనకుంటుంది. ఆ షరతు రాయమని మీరే అడగండి. అది మీకు అవమానమనుకోకండి. బ్యాంకు లాయరు దానికి ఏమంటారో డ్రాఫ్టు మీదే చూపించుకోండి, రిజిస్ట్రేషన్ అయ్యాక కాదు. ఇంకోటి, లోన్ పూర్తిగా తీరాక ఒరిజినల్ పత్రాలు 30 రోజుల్లో తిరిగివ్వాలని, తమ తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకి 5,000 చొప్పున ఇవ్వాలని 2023లో రిజర్వ్ బ్యాంకు చెప్పింది. ఇది ఆయనకి వినిపించండి. గుమాస్తాగా చేసినాయన, కాగితం విలువ తెలిసినవారు.

ఆయన అప్పటికీ ఇష్టపడకపోతే ఇంకో మార్గముంది. స్థలం ఆయన పేరునే ఉంచి, ఆయన్ని లోన్‌లో కలుపుకుని తాకట్టు ఆయనతో పెట్టించడం. కొన్ని బ్యాంకులు ఒప్పుకుంటాయి. దీని పర్యవసానం మాత్రం తెలిసి చేయాలి. ఆయన వీలునామా రాయకుండా పోతే, ఆయన స్వార్జితం హిందూ వారసత్వ చట్టం ప్రకారం మీ అమ్మగారికి, మీకు, మీ చెల్లెలికి సమానంగా వస్తుంది. ఆ స్థలం మీద ఉన్న, మీరు 20 ఏళ్లు ఈఎంఐ కట్టిన ఇల్లు కూడా ఆ తగాదాలోకే వస్తుంది. వీలునామా రాస్తానంటారేమో. రాయొచ్చు, కానీ బతికున్నంత కాలం దాన్ని ఆయన ఎన్నిసార్లైనా మార్చొచ్చు, దాని మీద బ్యాంకు లోన్ ఇవ్వదు. ఇల్లు మీది కాకపోతే వడ్డీ మినహాయింపు అడగడమూ కష్టమే.

మీ చెల్లెలి పేరు నాలుగు పేజీల్లో ఒక్కసారే వచ్చింది. ఆయన స్వార్జితం కాబట్టి గిఫ్ట్‌కి ఆమె సంతకం చట్టప్రకారం అవసరం లేదు. బ్యాంకు లాయరు అడగొచ్చు, అడక్కపోవచ్చు. నేనైతే ఆమెకి ముందే చెప్పమంటాను, ఫోన్లో కాకుండా వెళ్లి, మీ నాన్నగారితో కలిసి. ఆమెకి ఏం ఇవ్వాలన్నది మీ ఇంటి విషయం. కానీ గృహప్రవేశం పిలుపుతో పాటు ఈ సంగతి ఆమెకి తెలియకూడదు.

మీ ఆవిడ సంగతి. ఆమెకి ఫ్లాట్ మీద మోజని మీరు రాశారు. నాకలా అనిపించలేదు. 40 లక్షల అర్హత రావాలంటే ఆమె జీతం కలపాలి, ఆమె కో-అప్లికెంట్‌గా సంతకం పెట్టాలి. అంటే లోన్ తీర్చే బాధ్యత ఆమెకీ సమానంగా ఉంటుంది. స్థలం మామగారిది, లేదా మీది. ఆమె పేరు అప్పు కాగితం మీద ఉంది, ఇంటి కాగితం మీద లేదు. ఫ్లాట్ అయితే ఇద్దరి పేరునా రిజిస్టరవుతుంది. ఆమె అడుగుతున్నది ఇదేనేమో ఒకసారి కనుక్కోండి. అదే అయితే, గిఫ్ట్ పూర్తయ్యాక అందులో ఆమెకి కొంత వాటా మీరు రాయొచ్చు. ఇది మీ నాన్నగారికి ముందే తెలియాలి మరి, వెనక నుంచి చేయకూడదు. మీకేమైనా అయితే ఈఎంఐ ఆమె 22,000 మీద పడుతుంది కాబట్టి లోన్‌కి సరిపడా టర్మ్ ఇన్సూరెన్స్ కూడా తీసుకోండి. బ్యాంకు అంటగట్టే పాలసీయే తీసుకోవాలన్న నిబంధన లేదు, బయట పోల్చి చూసుకోవచ్చు.

నిజంగా ఫ్లాటే కావాలంటే అదీ తప్పు దారేం కాదు. తలనొప్పి తక్కువ, దిగిన రోజు నుంచి అద్దె ఉండదు. కానీ చేతి డబ్బు ఎక్కువ కావాలి, తక్కువ కాదు. 60 లక్షల ఫ్లాట్‌కి 80 శాతం లోన్, 48 లక్షలు. మీ వాటా 12. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ కలిపి ఏడున్నర శాతం దగ్గర, ఇంకో నాలుగున్నర లక్షలు, దీన్ని లోన్ లెక్కలో కలపరు. మొత్తం పదహారున్నర. మీ దగ్గరున్నది పదిన్నర. ఈఎంఐ 41,600 దాటుతుంది. ఆమెతో వాదించకుండా ఈ అంకెలు ఇద్దరూ ఒకే కాగితం మీద వేసుకోండి.

ఇంకో దారి మిగిలింది, ఎనిమిది నెలలు ఆగడం. బండి లోన్ తీరుతుంది, చిట్టీ తగ్గించి పాడకుండా పూర్తిగా వస్తుంది, నెలకి 20,000 దాచినా లక్షా 60 వేలు కలుస్తాయి. ఈలోపు కాగితాల పని అవుతుంది. 2003 నాటి లేఅవుట్‌కి అనుమతి ఉందో లేదో మీరు రాయలేదు. లేకపోతే రెగ్యులరైజేషన్, అదే ఎల్‌ఆర్‌ఎస్, అయితే గానీ ప్లాన్ రాదు, ప్లాన్ లేకుండా బ్యాంకు కదలదు. ఈసీ (స్థలం మీద జరిగిన లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం), లింకు డాక్యుమెంట్లు, ఖాళీ స్థలం పన్ను రసీదులు, ఇవన్నీ బ్యాంకు ప్యానెల్ లాయరు చూసి సరే అనడానికే వారాలు పడుతుంది. ఆగితే సిమెంటు, స్టీలు రేట్లు పెరగొచ్చు, అది నిజమే. ఆగకుండా పునాది వేసి ఆగిపోతే మాత్రం ఆ పెరిగిన రేట్లూ కట్టాలి, అద్దే కట్టాలి, వడ్డీ కూడా కట్టాలి.

నన్ను నొక్కి అడిగితే ఆగి, మొదటి దారిలో వెళ్తానంటాను. కానీ మీ నెల ఖర్చు నాకంటే మీకు బాగా తెలుసు. రెండు ఫ్లోర్లూ ఒకేసారి వేసి నెగ్గుకొచ్చినవాళ్లు నాకు తెలిసి ఇద్దరున్నారు. ఇద్దరికీ సైటు దగ్గర రోజంతా నిలబడే మనిషి ఇంట్లో ఉన్నాడు. మీకూ ఉన్నారు. స్లాబ్ మీద మళ్లు కట్టి పొద్దునా సాయంత్రం నీళ్లు పెట్టే పని మీ నాన్నగారికి అప్పజెప్పండి, ఆయన వద్దనరు.

ముహూర్తం తప్పిపోతుందని కంగారొద్దు. వచ్చే నెల శంకుస్థాపన చేసుకోండి. దానికి ఐదు ఇటుకలు, ఒక పురోహితుడు, మీ చెల్లెలికి రానూపోనూ టికెట్లు చాలు. కాంట్రాక్టర్‌ని కూడా భోజనానికి పిలవండి. ఆ 2 లక్షలు మాత్రం వాయిదాల కాగితం మీద ఇద్దరి సంతకాలూ పడ్డాకే, అదీ బ్యాంకు చెక్కుగా.